ఆర్‌సీలో ఉన్న కారు, రోడ్డు మీద ఉన్న కారు

మూడేళ్ల క్రితం నేనొక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. కంపెనీ నుంచి పెట్రోలు కారుగా వచ్చిన దానికి తర్వాతెప్పుడో డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ బిగించారు. అమ్మినాయన పెట్రోలు మీద ఎంతవుతుందో, గ్యాస్ మీద ఎంతవుతుందో కిలోమీటరు లెక్కన చెప్పడంతో నాకూ ఆశ పుట్టింది. ఇంజిన్ చూశాను, టైర్లు చూశాను, బీమా గడువు చూశాను. ఆర్‌సీలో మాత్రం ఆయన పేరు, ఛాసిస్ నంబరు సరిపోయాయో లేదో చూసి మడిచి జేబులో పెట్టుకున్నాను. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పూర్తయ్యాక పేరు మార్పు కోసం రవాణా శాఖ కార్యాలయానికి బండి తీసుకువెళ్లాను.

తనిఖీ అధికారి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు సరిచూసుకుని డిక్కీ తెరవమన్నారు. సిలిండర్ మీద కప్పిన కార్పెట్‌ను తానే పక్కకు జరిపి, మోకాళ్ల మీద వంగి, సిలిండర్ మెడ దగ్గర చెక్కిన అక్షరాల మీద దుమ్మును వేలితో తుడిచి చదివారు. ఆ తర్వాత ఆర్‌సీని నా వైపు తిప్పి, ఇంధనం అని ఉన్న గడి మీద వేలు పెట్టారు.

"ఇక్కడ పెట్రోల్ అనే ఉంది కదండీ. మరి ఈ సిలిండర్ ఎవరు పెట్టారు?"

"ముందాయన పెట్టించారండీ. నేను కొన్నప్పటికే ఉంది."

"ఎవరు పెట్టించినా ఇప్పుడు బండి మీది. ఆర్‌సీలో ఉన్న కారు వేరు, మీరు తెచ్చిన కారు వేరు. ఈ రెండూ ఒకటయ్యాక రండి."

ఆయన మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. ఉన్న విషయం చెప్పారంతే. ఆ రోజు ఇంటికి వచ్చి మొదటిసారి మోటారు వాహనాల చట్టం తెరిచాను. సొంత కారు అన్నాక అందులో నా ఇష్టం వచ్చినట్టు మార్పులు చేసుకోవచ్చని అప్పటిదాకా అనుకున్నవాణ్ణి. ఈ మూడేళ్లలో చదివి, అధికారులను అడిగి, బీమా కంపెనీ వాళ్లతో మాట్లాడి నేర్చుకున్నది నాలాంటి మరొకరికి పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలో ఈ విషయానికి మూలం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మారిపోయే విధంగా ఏ యజమానీ తన వాహనాన్ని మార్చకూడదన్నది దాని సారాంశం. ఇక్కడ కొలబద్ద రెండు వైపులా ఉందని గమనించాలి. ఒక పక్క ఆర్‌సీ ఉంటే, రెండో పక్క కంపెనీ ఆ మోడల్‌ను ఏ రూపంలో ధ్రువీకరింపజేసుకుందో ఆ రూపం ఉంటుంది. మార్చిన కారు ఎంత అందంగా ఉంది, మెకానిక్ ఎంత పనివాడు అన్న ప్రశ్నలు ఈ సెక్షన్‌లో ఎక్కడా రావు.

మొదట్లో ఈ సెక్షన్ ఇలా లేదు. 1988లో రాసినప్పుడు యజమాని ముందుగా నోటీసు ఇచ్చి, రిజిస్టరింగ్ అధికారి ఆమోదం పొందితే మార్పు చేసుకునే వీలుండేది. అదనపు సామగ్రి బిగించడం వల్లనో తీసివేయడం వల్లనో ఖాళీ బండి బరువు మారితే, ఆ తేడా ఆర్‌సీలో ఉన్న బరువులో 2 శాతం దాటనంత వరకు ఆమోదం కూడా అక్కర్లేదని అందులో ఒక మినహాయింపు ఉండేది. 2000లో చేసిన సవరణతో ఆ పాఠం పోయి ఇప్పుడున్న నిషేధం వచ్చింది. "రెండు శాతం బరువు దాకా ఏమైనా చేసుకోవచ్చు" అని ఇప్పటికీ కొన్ని వర్క్‌షాపుల్లో ధీమాగా చెబుతుంటారు. ఆ మాట పాత పాఠంలోని మినహాయింపు నుంచి వచ్చింది, అది కూడా బరువు తేడాకు సంబంధించినదే కానీ మార్పులన్నింటికీ ఇచ్చిన అనుమతి కాదు. ఆ మాట నమ్మి బండి అప్పగించకండి.

మార్పు అంటే ఏమిటో కూడా ఆ సెక్షన్ చివర ఇచ్చిన వివరణలోనే ఉంది. వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక స్వరూపం మారిపోతే దాన్ని ఈ సెక్షన్ కింద మార్పుగా పరిగణిస్తారు. కాబట్టి సీటు కవరు, కాళ్ల కింద వేసే మ్యాటు, మ్యూజిక్ సిస్టమ్ వంటివి ఈ సెక్షన్ పరిధిలోకి రావు. పైకప్పు కోసి సన్‌రూఫ్ పెట్టడం, ఛాసిస్‌ను పొడిగించడం, అదనపు వరుస సీట్లు బిగించడం, వేరే రకం ఇంజిన్ దింపడం వంటివి నిస్సందేహంగా వస్తాయి. ఈ రెంటికీ మధ్య ఇటో అటో తేల్చి చెప్పలేని పెద్ద బూడిదరంగు మైదానం ఉంది, గొడవలన్నీ అక్కడే జరుగుతాయి.

ఆ మైదానంలో ఒక గట్టి గీత 2019 జనవరిలో పడింది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అరుణ్ మిశ్రా, వినీత్ శరణ్‌ల ధర్మాసనం, తయారీదారు నిర్దేశించిన మూల వివరాలు మారేలా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని, రాష్ట్రం చేసుకున్న నియమాలు ఏవైనా 52వ సెక్షన్‌కు లోబడే ఉండాలని తీర్పు చెప్పింది. అంతకుముందు హైకోర్టు రాష్ట్ర నియమాన్ని ఆధారం చేసుకుని మార్పులకు కొంత వెసులుబాటు ఇవ్వగా, ఈ తీర్పుతో అది పోయింది. అయితే తయారీదారు నిర్దేశించిన మూల వివరాలు కాక ఆర్‌సీలో ఉండే మిగతా వివరాలను మార్చుకుని నమోదు చేయించుకోవచ్చని కూడా కోర్టు అంది. వార్తల్లో మొదటి సగమే ప్రచారమైంది కాబట్టి, ఇక కారుకు రంగు కూడా మార్చకూడదని చాలామంది అపోహపడ్డారు.

ఇంత కఠినంగా ఎందుకు ఉండాలని నాకూ మొదట్లో విసుగు వచ్చింది. సమాధానం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం దగ్గర దొరికింది. ఏ మోడలైనా మార్కెట్‌లోకి రావాలంటే దాని నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల్లో పరీక్ష చేయించి ధ్రువీకరణ పొందాలి. అక్కడ బ్రేకులు ఎంత దూరంలో ఆపుతున్నాయి, పొగ ఎంత, శబ్దం ఎంత, దీపాల వెలుగు ఎక్కడ పడుతోంది, గుద్దుకుంటే లోపలి మనిషికి ఎంత దెబ్బ తగులుతుంది అన్నవి చూస్తారు. ఆ పరీక్షలు పాసైంది ఫలానా బరువు, ఫలానా టైరు, ఫలానా బంపర్ కలిసిన ఒక మొత్తం కారు. అందులోంచి ఒకటి తీసి ఇంకొకటి పెట్టిన మరుక్షణం, అది మంచిదైనా చెడ్డదైనా, పరీక్షకు వెళ్లని కారు మన చేతిలో ఉంటుంది. ఇది అర్థమయ్యాక నా విసుగు చాలావరకు తగ్గింది.

ముందు భాగంలో బిగించే ఇనుప క్రాష్ గార్డులను ఇందుకు ఉదాహరణగా చూడవచ్చు. కారు దేనినైనా గుద్దుకున్నప్పుడు బంపర్, దాని వెనుక ఉన్న భాగాలు ఒక క్రమంలో నలుగుతూ దెబ్బను మింగేలా, ఆ వేగం తగ్గే తీరును సెన్సర్లు పసిగట్టి ఎయిర్‌బ్యాగులను సరైన క్షణంలో తెరిచేలా రూపొందిస్తారు. ఛాసిస్‌కు నేరుగా బిగించిన గట్టి ఇనుప చట్రం ఆ నలిగే క్రమాన్ని చెడగొట్టి దెబ్బను తిన్నగా లోపలికి పంపిస్తుంది, ఎయిర్‌బ్యాగు ఆలస్యం కావచ్చు. ఎదురుగా నడిచి వెళ్లే మనిషి తొడకు, ఛాతీకి తగిలేది కూడా నలిగే ప్లాస్టిక్ కాదు, ఆ ఇనుమే. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ఈ గార్డుల మీద చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. బండికి గీత పడకుండా కాపాడుతుందని బిగించుకున్న వస్తువు లోపలి వాళ్లకే హాని చేయగలదంటే, ఆ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. 52వ సెక్షన్ కిందికి రాని మార్పులన్నీ చట్టబద్ధమని అర్థం కాదు. అద్దానికి ఫిల్మ్ అతికిస్తే కారు నిర్మాణం ఏమీ మారదు, ఆర్‌సీలో అక్షరం మారదు, అయినా అది తప్పే, ఎందుకంటే అద్దాల గురించి 100వ నియమం విడిగా ఉంది. అంటే మనం ఏ మార్పు తలపెట్టినా రెండు గడపలు దాటాలి. ఒకటి నిర్మాణానికి సంబంధించిన సెక్షన్, రెండోది ఆ ఒక్కో భాగానికి సంబంధించిన నియమం. చాలామంది మొదటి గడప దగ్గరే ఆగిపోయి తాము క్షేమమనుకుంటారు.

అద్దాల నియమం ప్రకారం ముందు అద్దం, వెనుక అద్దం గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలి. అయితే 50 శాతం వెలుతురు వదిలే ఫిల్మ్ పక్క అద్దాలకు అతికించుకోవచ్చు కదా అన్నది అందరికీ వచ్చే ఆలోచనే. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. నియమం చెప్పింది అద్దం గురించి కాబట్టి, తయారైన అద్దమే ఆ శాతాన్ని వదలాలని, దాని మీద తర్వాత ఏ శాతం నల్ల ఫిల్మ్‌నైనా, మరే పదార్థాన్నైనా అతికించడానికి వీల్లేదని అంది. ఆ తర్వాత నియమంలోని మాటలు సవరించి, అద్దంతోపాటు సేఫ్టీ గ్లేజింగ్ (కిటికీలకు వాడే, భద్రతా ప్రమాణాలున్న పారదర్శక పదార్థం) అన్న మాటను కూడా చేర్చడంతో వాదన మళ్లీ మొదలైంది. 2024లో కేరళ హైకోర్టు, 70, 50 శాతాలకు లోబడి ప్రమాణాల ప్రకారం ఉన్న గ్లేజింగ్‌ను తప్పుపట్టలేమని తీర్పిచ్చింది. దీన్ని చూపించి "ఇక ఫిల్మ్ లీగల్" అని అమ్మేవారున్నారు. ఆ తీర్పు ఒక హైకోర్టుది, అది మాట్లాడింది ప్రమాణాల ముద్ర ఉన్న గ్లేజింగ్ గురించి, మీటర్ల లెక్కన కోసి ఏ షాపులోనైనా అతికించే ఫిల్మ్ గురించి కాదు. కారులో పసిపిల్లలు ఎండకు మాడిపోతున్నారన్న బాధ నాకూ తెలుసు. అందుకు నేను ఎంచుకున్న దారి, బండి ఆపి ఉంచినప్పుడు మాత్రమే వేసే తెరలు, కదిలేముందు మడిచి లోపల పెట్టడం.

దీపాల విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఒక్క మార్పు చేసుకున్నవాడి కంటే ఎదుటివాడినే ఎక్కువ బాధిస్తుంది. నా కారులో మామూలు హాలోజన్ బల్బులు ఉండేవి, 60/55 వాట్లవి. వెలుగు చాలదని ఒక షాపులో ఎల్‌ఈడీ బల్బులు మార్పించాను. ఆ రాత్రి సంబరంగా అనిపించింది, రోడ్డంతా తెల్లగా కనిపించింది. నాలుగు రోజులకే ఎదురుగా వచ్చే ప్రతి బండీ నా మీదికి డిమ్ డిప్ కొట్టడం మొదలుపెట్టింది. నేను లోబీమ్‌లోనే ఉన్నాను, అయినా కొడుతున్నారు. ఒక రాత్రి కారును గోడకు ఎదురుగా, ఓ ఎనిమిది అడుగుల దూరంలో నిలిపి, ఒక వైపు పాత హాలోజన్, రెండో వైపు ఎల్‌ఈడీ పెట్టి చూశాను. హాలోజన్ వైపు గోడ మీద కత్తితో కోసినట్టు ఒక గీత ఉంది. గీతకు కింద వెలుగు, పైన చీకటి. ఎల్‌ఈడీ వైపు ఆ గీతే లేదు. వెలుగు పాలు ఒలికినట్టు పైకి పాకి, గోడ సగం దాటి వెళ్లిపోయింది. ఎదుటి డ్రైవరు కళ్లు ఉండే ఎత్తు సరిగ్గా అదే.

కారణం సులువైనదే. హెడ్‌లైట్ లోపలి అద్దపు డిప్ప హాలోజన్ బల్బులోని తీగ కచ్చితంగా ఎక్కడ ఉంటుందో, ఏ ఆకారంలో ఉంటుందో లెక్కవేసి వంచినది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు, దాని వెడల్పు వేరు. అందుకే కాంతి వేరే కోణాల్లో తిరిగి వస్తుంది. దీపాల ధ్రువీకరణ బల్బుకు, డిప్పకు, ముందు అద్దానికి కలిపి ఉంటుంది, బల్బు ఒక్కదానికే విడిగా సరిపోదు. కంపెనీయే ఎల్‌ఈడీ దీపాలతో ఇచ్చిన కారుకు, హాలోజన్ డిప్పలో ఎల్‌ఈడీ దూర్చిన కారుకు తేడా అక్కడుంది. అలాగే 100/90 వాట్ల బల్బులు వేస్తే వైర్లు, సాకెట్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం అదనం. నేను మర్నాడే పాత బల్బులు వేయించేశాను. ఎరుపు, నీలం మెరుపు దీపాల గురించి 108వ నియమం ఉంది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలే తీసివేయించిన దేశంలో, గ్రిల్ వెనుక నీలం ఎరుపు మెరుపులు పెట్టుకుని తిరగడాన్ని ఏ అధికారీ ఉపేక్షించనక్కర్లేదు.

హారన్, సైలెన్సర్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒకదాని వెంట ఒకటిగా రకరకాల స్వరాలు పలికే హారన్లను, చెవులు చిల్లులు పడేలా కర్ణకఠోరంగా మోగేవాటిని 119వ నియమం నిషేధిస్తుంది. సైలెన్సర్ ఉండి తీరాలని 120వ నియమం అంటుంది. సైలెన్సర్ లోపలి భాగాన్ని కోయించి బండిని గర్జింపజేయడం శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించడమే. రాత్రి పదకొండుకు ఆసుపత్రి పక్క నుంచి అలాంటి బండి వెళ్లినప్పుడు లోపల పడుకున్న రోగి పరిస్థితి తలచుకుంటే చాలు.

చక్రాల విషయం మాత్రం అంత తేలిక కాదు. అల్లాయ్ వీల్స్ వేయించడమే నేరమని కొందరు, ఎంత పెద్దవైనా వేసుకోవచ్చని కొందరు అంటారు. నా లెక్కలో క్షేమమైన హద్దు, అదే మోడల్‌లో పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు. దాన్ని కంపెనీ పరీక్ష చేయించే ఉంటుంది. అది దాటితే లెక్క ఎలా తప్పుతుందో చూడండి. 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 205/55 ఆర్16 వేస్తే సుమారు 632, అంటే తేడా రెండు శాతం లోపే. అదే 195/65 ఆర్16 వేస్తే సుమారు 660 అవుతుంది, ఆరు శాతం దాటింది. ఇప్పుడు స్పీడోమీటరు పాత లెక్క ప్రకారం 100 చూపించే సమయానికి, బండి ముందు పోయేదానికంటే ఆరు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా చక్రం తిరిగే వేగం మీదే ఆధారపడుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకోవచ్చు. టైరు పక్కన ముద్రించిన బరువు సూచిక కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదని కూడా గుర్తుపెట్టుకోవాలి. అధికారి టేపు పెట్టి కొలుస్తారా అంటే సాధారణంగా కొలవరు, కానీ ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు తప్పకుండా కొలుస్తాడు.

రంగు మార్పు ఆర్‌సీలో నమోదు చేయించుకునే రకానికి చెందినది. కారు రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది కాబట్టి, మొత్తం రంగు మారిస్తే, పెయింటైనా, పైన స్టిక్కరులా అతికించే ర్యాప్ అయినా, రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీలో మార్పించుకోవాలి. ఒక్క రంగుకు మాత్రం దారే లేదు. 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. సైన్యం మీద గౌరవంతో వేయించుకున్నా అది తప్పే అవుతుంది. నంబరు ప్లేటు మీద అక్షరాల ఆకారం, సైజు నియమాల్లో మిల్లీమీటర్లలో ఉన్నాయి. కారుకైతే అక్షరం ఎత్తు 65, మందం 10, మధ్య ఖాళీ 10 మిల్లీమీటర్లు. 2019 ఏప్రిల్ 1 తర్వాతి కార్లకు హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీ నుంచే వస్తోంది. దాన్ని ఊడదీసి వంపుల అక్షరాల ప్లేటు పెట్టడంలో ఏ ప్రయోజనమూ నాకు కనిపించదు.

మళ్లీ నా సిలిండర్ దగ్గరికి వస్తాను. ఇంధనం మార్పుకు 52వ సెక్షన్‌లోనే ప్రత్యేక వెసులుబాటు ఉంది. బ్యాటరీ, సీఎన్‌జీ, ఎల్‌పీజీ, సౌరశక్తి వంటి వేరే ఇంధనంతో నడిచేలా కన్వర్షన్ కిట్ బిగించుకోవచ్చు, షరతులకు లోబడి. ఆ షరతులే అసలు విషయం. కిట్ ఆ మోడల్‌కు, ఆ ఉద్గార ప్రమాణానికి ఆమోదం పొందినదై ఉండాలి, అధికారం ఉన్న కేంద్రమే బిగించాలి, సిలిండర్ పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదించినదై ఉండాలి, చివరగా ఆర్‌సీలో ఇంధనం గడి మారాలి. బీఎస్-6 ఉద్గార ప్రమాణం ఉన్న పెట్రోలు కార్లకు కిట్ బిగించే వీలు 2022లోనే కల్పించారు. వాహనంలోని సీఎన్‌జీ సిలిండర్‌ను మూడేళ్లకు ఒకసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి. సుమారు 200 బార్ల ఒత్తిడిలో గ్యాస్ నిలవ ఉండే ఇనుప పాత్ర అది. వెనుక సీటులో మన పిల్లలు కూర్చునే చోటికి, దానికి మధ్య ఉండేది సీటు అట్ట ఒక్కటే.

నా కారు సిలిండర్ మీద చివరి పరీక్ష తేదీ చూస్తే గడువు దాటి రెండేళ్లకు పైనే అయింది. కిట్‌కు ఆమోద పత్రం అసలే లేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ఎక్కడో ఒక మెకానిక్ చవగ్గా చేస్తానంటే చేయించానని, ఆర్‌సీలో ఎక్కించుకోవాలని అతను చెప్పనేలేదని అన్నారు. ఆయన మోసగాడని నేను అనుకోను. కానీ నేను కొనేముందు ఆర్‌సీలో ఇంధనం గడి ఒక్కటి చదివి ఉంటే, అన్ని వారాలు తిరగాల్సిన పని ఉండేది కాదు.

శిక్షల సంగతి కూడా తెలియాలి. 2019 సవరణతో 182ఏ సెక్షన్‌కు ఇప్పుడున్న రూపం వచ్చింది. చట్టం అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి, విడి భాగాలు బిగించడంతో సహా, ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. నాలుగు మార్పులుంటే లెక్క నాలుగింతలు. రోడ్డు భద్రత, శబ్దం, కాలుష్య ప్రమాణాలు తప్పితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలల పాటు లైసెన్సుపై అనర్హత ఉన్నాయి. కీలక భద్రతా భాగాలుగా ప్రకటించిన వాటిని ప్రమాణాలు లేకుండా అమ్మేవారికి ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. అయినా రోడ్డు మీద ఆపినప్పుడు చలానా పడేది యజమానికే, నల్ల ఫిల్మ్ అతికించిన షాపు మాత్రం మర్నాడు కూడా తెరిచే ఉంటుంది. ఇది నాకు న్యాయంగా అనిపించదు. అమ్మకం దగ్గర అడ్డుకోకుండా రోడ్డు మీద పట్టుకోవడం వల్ల తెలియక చేసినవాడు, తెలిసి చేసినవాడు ఒకే గాటన పడుతున్నారు.

మరో అసంతృప్తి కూడా ఉంది. ఏది నిర్మాణ మార్పు, ఏది కాదు అన్నదానికి సామాన్యుడు చదివి అర్థం చేసుకోగల జాబితా ఒక్కటీ లేదు. రూఫ్ క్యారియర్ వేయించుకోవచ్చా అని ఇద్దరు అధికారులను అడిగితే నాకు రెండు జవాబులు వచ్చాయి. పాత పాఠంలోని రెండు శాతం బరువు లాంటి కొలవగల హద్దు ఏదో ఒకటి మళ్లీ ఉంటే, యజమానికీ మేలు, తనిఖీ చేసేవారికీ మేలు. నిషేధం కఠినంగా ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు, దాని హద్దు కనిపించకపోవడం మీదే ఉంది.

బీమా విషయంలో చేయాల్సింది ఒక్కటే, చెప్పడం. గ్యాస్ కిట్‌కు, కంపెనీతో రాని విద్యుత్ సామగ్రికి పాలసీలో వేర్వేరు ఎండార్స్‌మెంట్లు, అంటే పాలసీకి అదనంగా చేర్చే షరతులు, ఉన్నాయి. కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవచ్చు. చెప్పకుండా దాచిన గ్యాస్ కిట్ ఉన్న కారు కాలిపోతే, సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించడానికి అదే కారణం చూపవచ్చు. కారు మీద అప్పు ఉంటే ఇంకో సంగతి కూడా ఉంది. హైర్ పర్చేజ్ కింద, అంటే వాయిదాల ఒప్పందం మీద, తీసుకున్న వాహనంలో మార్పు చేయాలంటే రిజిస్టరైన యజమాని రాతపూర్వక సమ్మతి కావాలని చట్టమే చెబుతోంది. ఫైనాన్సు కంపెనీకి కారు తాకట్టులో ఉన్నా, ముందు వాళ్లకు తెలియజేయడమే మంచిది.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం వికలాంగుల కోసం ఉన్నది. శారీరక వైకల్యం ఉన్న వ్యక్తి వాడటానికి వీలుగా వాహనాన్ని మార్చుకోవచ్చని, అందుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలని 2019 సవరణ స్పష్టంగా రాసింది. నా మిత్రుడొకరికి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి కాలు పనిచేయదు. ఆయన కారులో స్టీరింగు పక్కన ఒక చేతి లివర్ ఉంటుంది. ముందుకు తోస్తే బ్రేకు, కిందికి నొక్కితే యాక్సిలరేటర్. ఒకసారి పక్కన కూర్చుని చూశాను. ట్రాఫిక్‌లో ఆ లివర్ మీద ఆయన అరచేయి ఎంత మెల్లగా, ఎంత నమ్మకంగా కదిలిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయన ఆర్‌సీలో ఆ మార్పు నమోదై ఉంది, లైసెన్సులోనూ ఉంది. "నన్ను ఎవరు ఆపినా కాగితం చూపించి ముందుకు పోతానురా" అని ఆయన అన్నప్పుడు, నేను వారాల తరబడి పడిన తిరుగుడంతా ఒక్క నమోదు లేకపోవడం వల్లనే కదా అనిపించింది.

నేను చివరికి ఆ పాత కిట్ పూర్తిగా తీయించేశాను. అధికారం ఉన్న కేంద్రంలో, నా మోడల్‌కు ఆమోదం ఉన్న కిట్‌ను, కొత్త సిలిండర్‌ను బిగించి ఇచ్చారు. వాళ్లిచ్చిన ధ్రువపత్రాలతో దరఖాస్తు పెట్టి మళ్లీ అదే ఆవరణకు వెళ్తే, అదే అధికారి మళ్లీ డిక్కీ తెరవమన్నారు, మళ్లీ మోకాళ్ల మీద వంగారు. సిలిండర్ మీది నంబరును కాగితంలోని నంబరుతో ఒక్కో అంకె వేలు పెట్టి పోల్చుకుని లేచారు. పది రోజులకు ఆర్‌సీ కార్డు ఇంటికి వచ్చింది. ఈసారి కవరు చించగానే పేరు కంటే ముందు ఇంధనం గడి చూశాను. సీఎన్‌జీ కూడా చేరింది. మూడేళ్ల తర్వాత రావాల్సిన సిలిండర్ పరీక్ష తేదీని ఆ రోజే గోడ క్యాలెండర్ వెనుక రాసిపెట్టుకున్నాను. ఆ తేదీ వచ్చే నెలలోనే ఉంది.